సివంగికి పెట్టిన చుక్క

1956 జనవరి 4, బుధవారం

మా సివంగి పేరు ఆత్మకూరు పశువుల ప్రదర్శనలో ఎక్కింది. డాక్టరుగారి కార్డు ఈ పొద్దు టపాలో వచ్చింది. ఫిబ్రవరి 11 శనివారం, ఉదయం తొమ్మిది గంటలకు, నాటు కుక్కలు, ఏడాదిలోపు పిల్లల తరగతి. పట్టుకొని నడిపించేవారు: చెంచులక్ష్మి. నా కూతురి పేరు టైపు అక్షరాల్లో. నాలుగుసార్లు చదివాను. అయిదోసారి చదివితే అక్షరాలు అరిగిపోతాయేమోనని కార్డును పటం వెనక పెట్టాను. మళ్ళీ తీసి చదివాను.

ఎవరికైనా చెప్పకపోతే గుండె పట్టేసేటట్టు ఉంది. చెప్పకూడదు. నా భార్య సీతమ్మ తన తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. "ఆ పదకొండో తేదీ దాటేదాకా ఒక్క మాట బయటికి పోకూడదయ్యా. నీ సంతోషం సంగతి నాకు తెల్సు. ఒకసారి నీ సంతోషం..." అని అక్కడ ఆపి చేట తీసుకొని లోపలికి వెళ్ళింది.

అందుకే ఈ డైరీ. మందుల కంపెనీ వాళ్ళు పశువుల ఆసుపత్రికి పంచేది. నేను అక్కడ ముప్పై ఏళ్ళు అటెండరుగా చేసి దిగిపోయినా డాక్టరుగారు ఏటా ఒకటి నాకోసం తీసి పెడతారు. ఇన్నాళ్ళూ చెదలకు పెట్టాను. నాలుగో తరగతి చదివినవాణ్ణి. రాయడం వచ్చు, ఆపడం రాదు.

సివంగి మా అల్లుడు మాలకొండయ్య మందలో పుట్టింది. ఆగస్టులో. మంద బద్వేలు అవతల కొండమేతకు వెళ్ళేటప్పుడు పిల్ల చిన్నదని లక్ష్మి దాన్ని చంకనేసుకొని ఉదయగిరికి మా ఇంటికి వచ్చింది. పోయిన నెల పిచ్చికుక్క రోగానికి సూది వేయిద్దామని ఆత్మకూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు దాని వీపు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఊరికే ఉండిపోయారు. "నరసయ్యా, ఇట్లాంటి నడుము నేను మన మెట్టలో చూడలేదు. ఈసారి ప్రదర్శనలో కుక్కలకూ తరగతి పెడుతున్నాం. మద్రాసు నుంచి జడ్జీ వస్తారు. తీసుకురా" అన్నారు.

ఆ మాట నేను బస్సులో కళ్ళు మూసుకొని ఎన్నిసార్లు విన్నానో.

జనవరి 6

ఏమేం నేర్పాలో డాక్టరుగారు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. నాలుగు కాళ్ళ మీద కదలకుండా నిలబడాలి. మనిషి ఎడమ పక్కన, తాడు లాగకుండా నడవాలి. పరాయి మనిషి నోరు తెరిచి పళ్ళు చూస్తే ఊరుకోవాలి. చెవులు, కాళ్ళు, తోక తడిమినా ఊరుకోవాలి.

మేము కుక్కను పెంచే తీరుకు ఇదంతా తలకిందులు. మంద కుక్కకు మూడో నెలలోనే నేర్పుతాం. ఎవరో ఒక పరాయివాణ్ణి పిలిచి, చేతిలో సంగటి ముద్ద పెట్టి చాపమంటాం. పిల్ల ఆశగా దగ్గరికి వెళ్ళగానే వాడి చేతనే బెత్తంతో ఒకటి వేయిస్తాం. నాలుగు రోజుల్లో దానికి తెలిసిపోతుంది, ఇంటివాళ్ళది కాని చెయ్యి మంచిది కాదని. అట్లా పెరిగిన కుక్కే చిరుతకైనా దొంగకైనా లొంగదు. సివంగికి ఆ పాఠం అప్పటికే అయిపోయింది. ఇప్పుడు అదే పాఠం వెనక్కి నేర్పాలి.

లక్ష్మి నవ్వుతోంది. "మీ అల్లుడు దిగి చూసినాడంటే దీన్ని ఇంట్లో కూచోబెట్టి నన్ను మందకు కావిలి కట్టేస్తాడు నాయనా."

జనవరి 7

నిలబడలేదు.

జనవరి 8

నిలబడలేదు. లక్ష్మి మోచెయ్యి గీరుకుపోయింది.

జనవరి 10

జడ్జీ వేషానికి మనిషి కావాల్సి వచ్చింది. పక్కింటి వెంగయ్యకు చెప్పక తప్పలేదు. పక్కవాడికి చెప్పడం బయట చెప్పడం కాదు. అతను తలపాగా సరిచేసుకొని, చేతులు వెనక కట్టుకొని దొరలాగా వచ్చాడు.

"ఏంది, ఈ కుక్కకు పళ్ళు ఉండాయా?" అన్నాడు.

"చెయ్యి పెట్టి చూడు మామా, తెలుస్తాది," అంది లక్ష్మి.

"నువ్వు ముందు దాని నోరు పట్టుకోమ్మే. నాకు ఈ చేత్తోనే అన్నం తినాల."

అతను చెయ్యి చాపాడు. సివంగి పెదవి ఎత్తింది. వెంగయ్య ఎగిరి రోలు మీద కూర్చున్నాడు. "నరసయ్యా, బహుమానం మాట దేవుడెరుగు, జడ్జీకి పిచ్చికుక్క సూది ముందే వేయించి పిలిపించు."

లక్ష్మి నేల మీద కూర్చొని, పిల్లను ఒళ్ళో పెట్టుకొని, దాని చెవిలో ఏదో చెబుతూ వెంగయ్య వేలికి వెన్న పూసింది. ఒకసారి కాదు, ముప్పైసార్లు. చివరికి సివంగి ఆ వేలు నాకింది. వెంగయ్య వేలు వంక చూసుకుంటూ ఉండిపోయాడు, ఏదో సన్మానం జరిగినట్టు.

నా కూతురికి ఇంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చింది. నాది కాదు.

జనవరి 13

ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడింది. తల ఎత్తి, తోక నిలిపి, ఎండ వీపు మీద పడుతుండగా, ఎవరో చెక్కి పెట్టినట్టు. లక్ష్మి తాడు వదులుగా పట్టుకొని పక్కన నిలబడింది. జనంలో తల ఎత్తని పిల్ల, నా ముందే నిటారుగా ఉంది. నేను ఏడ్చాను. సీతమ్మ చూడకుండా ముఖం కడుక్కున్నాను.

అచ్చం ఇట్లాగే. ఆ రోజూ ఇట్లాగే ఉండింది నాకు.

జనవరి 16

దుత్తలూరు రోడ్డు మీద నడక నేర్పుతున్నాం. బస్సులూ బండ్లూ వస్తే బెదరకూడదు. పొద్దున బయలుదేరి వెనక్కి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. కల్వర్టు దగ్గరికి రాగానే సివంగి ఆగిపోయింది. గట్టు ముందు కూర్చొని తోక ఆడించింది. గట్టు మీద ఎవరూ లేరు. మనిషి కూర్చున్న చోటును చూసినట్టు చూస్తోంది, కొంచెం పైకి, ముఖం ఉండే ఎత్తుకు.

లక్ష్మి తాడు లాగలేదు. నా వైపూ చూడలేదు.

ఇది రాసిపెట్టాలి. నా పెద్దకొడుకు మల్లికార్జునం 1947లో ఎస్సెల్సీ ప్యాసయ్యాడు. మా వంశంలో మొదటివాడు. జూన్ నెల. నేను ఆత్మకూరులో సెలవు పెట్టి వచ్చి, వాణ్ణి వెంటబెట్టుకొని చుట్టాల ఇళ్ళన్నీ తిప్పాను. ఉదయగిరిలో మూడు ఇళ్ళు, దారిలో మూడు, దుత్తలూరులో నా చెల్లెలు పిచ్చమ్మ ఇల్లు. వాడు నవ్వుతూనే ఉన్నాడు. పిచ్చమ్మ వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, కింది నుంచి పైదాకా చూసి, "ఎంత బాగుండాడురా నా అల్లుడు" అంది. ఆ చూపు అట్లా పడింది. సాయంత్రానికి జ్వరం. మూడో రోజు వాడు లేడు. పంతొమ్మిదేళ్ళు.

దిష్టిచుక్క పెట్టలేదు. అంత పెద్ద పిల్లవాడికి చుక్క ఏమిటని నవ్వాను.

అప్పటి నుంచి నేనూ సీతమ్మా పిచ్చమ్మ గడప తొక్కలేదు.

జనవరి 17

ఈ రోజు ఆత్మకూరు వైపు రోడ్డుకు వెళ్ళాం. అదే మంచిది.

జనవరి 20

నలభై అంకెలు. వెంగయ్య నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టాడు. "నాకంటే నాలుగు ఎక్కువుండాయి" అన్నాడు. దేవుడా, నాకు రెక్కలు వచ్చినట్టుంది. బజారులో నడుస్తుంటే ప్రతి మనిషీ నన్ను అడుగుతాడేమో, చెప్పేస్తానేమో అని భయపడి సందులో నుంచి వచ్చాను.

జనవరి 22

ఆత్మకూరు రోడ్డు బాగుచేస్తున్నారు, కంకర. మళ్ళీ దుత్తలూరు రోడ్డే. మళ్ళీ కల్వర్టు. మళ్ళీ కూర్చుంది. ఈసారి గట్టు మీదికి ముట్టె చాచి వాసన చూసింది.

ఆ రోజు మల్లికార్జునం ఇక్కడ కాసేపు కూర్చున్న మాట నిజమే. నడక అలవాటు లేని పిల్లవాడు, పుస్తకాల పిల్లవాడు. కాళ్ళు నొప్పి పెట్టి ఉంటాయి. అంతే. జ్వరం సాయంత్రం వచ్చింది.

జనవరి 23

సాయంత్రమే వచ్చింది. పిచ్చమ్మ ఇంటి నుంచి వచ్చాకే.

జనవరి 28

లక్ష్మికి భయం పట్టుకుంది. పెరట్లో నడిపించడం వేరు, మైదానంలో తాడు కట్టి, చుట్టూ రెండు వేలమంది నిలబడి చూస్తుంటే నడిపించడం వేరు. "కుక్కను చూస్తారు గానీ నిన్నెవురు చూస్తారే" అని సీతమ్మ అంటుంది. "నన్నే చూస్తారు. ఆడది కుక్కను పట్టుకొని గుండ్రంగా పరిగెత్తతా ఉంటే కుక్కనెవురు చూస్తారు?" అంటుంది లక్ష్మి. మాట నిజమే. సీతమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపి, పరిగెత్తి చూపించింది, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సివంగి ఆమె వెంట పడింది. ముగ్గురం నవ్వాం. ఈ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళయిందో.

నవ్వు ఆగాక ముగ్గురం ఒకేసారి గుమ్మం వైపు చూశాం. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 1

పిచ్చమ్మకు తెలిసింది. వెంగయ్య దుత్తలూరు సంతలో నోరు జారాడు. బస్సు కండక్టరు చేత కబురు పంపింది: "అన్నా, లచ్చిమి కుక్కను పోటీకి నిలబెడతా ఉండాదంట గదా. ఒకసారి వచ్చి చూసి పోవాలని ఉండాది. రమ్మంటావా?"

తొమ్మిదేళ్ళ తర్వాత, చూసి పోవాలని.

జవాబు చెప్పలేదు. కండక్టరుకు మజ్జిగ ఇచ్చి పంపాను.

ఫిబ్రవరి 3

పెట్టాను. ఎవరూ లేనప్పుడు.

కాటుక చుక్క పెడితే జడ్జీ రంగు పూశారనుకుంటారు, తుడిస్తే పోతుంది. అందుకని జీడిగింజ. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి. పిన్నుతో గుచ్చి, రసం ఒక్క చుక్క, ఎడమ చెవి వెనక, వెంట్రుకల కింద. ఎవరికీ కనిపించదు, ఎన్ని స్నానాలు చేయించినా పోదు. ఇక ఎవరు చూసినా ఏమీ కాదు. పిచ్చమ్మ వచ్చి నిలబడి చూసినా కాదు.

ఈసారి పెట్టాను. ఎంత హాయిగా ఉందో.

ఫిబ్రవరి 5

చెవి గోక్కుంటోంది. ఏదో పురుగు కుట్టి ఉంటుంది.

ఫిబ్రవరి 6

చెవి వెనక వాచింది. కొబ్బరినూనె రాశాను. పురుగే.

ఫిబ్రవరి 8

గోక్కున్న కాలిని నాకుతోంది, పెదవులు పొక్కాయి. సంగటి ముట్టలేదు. లక్ష్మి అడిగింది, "ఏమైంది నాయనా దీనికి? నువ్వు ఆసుపత్రిలో చేసినోడివి గదా, చూడు."

చూశాను. "పురుగు కుట్టింది. రెండు రోజుల్లో తగ్గుతాది" అన్నాను.

"జ్వరమేమన్నా ఉండాదా?"

"లేదు."

చెవి పట్టుకొనే చెప్పాను ఆ మాట. చెవి కాలుతోంది. ముప్పై ఏళ్ళు దూడల చెవులు పట్టుకొని, డాక్టరుగారు గాజుగొట్టం పెట్టకముందే ఇన్ని డిగ్రీలని చెప్పినవాణ్ణి.

ఫిబ్రవరి 10, ఆత్మకూరు

ఆసుపత్రి వరండాలో కూర్చొని రాస్తున్నాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చాం. సీతమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది, మేకలున్నాయి. డాక్టరుగారు మైదానంలో పందిళ్ళు వేయించే పనిలో ఉన్నారు. చూపించవచ్చు. ఆయన చూస్తే చెవి వెనకది ఏమిటో తెలిసిపోతుంది, రేపు నిలబెట్టనివ్వరు. రేపు ఒక్క రోజు. ఎల్లుండి నేనే చెప్పి సూది వేయిస్తాను.

బస్సులో లక్ష్మి దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. "ఒళ్ళు కాలతా ఉండాది నాయనా" అంది. "ఎండ. గాలి తగిలితే సర్దుకుంటాది" అన్నాను. ఆమె నా ముఖం వైపు తిరిగి, చాలాసేపు చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఆ మాట నేను ఇంతకుముందు ఎక్కడ అన్నాను.

పొద్దున, ఆ జూన్ పొద్దున, వాడి చెయ్యి

రేపు ఎర్ర అంచు చీర కట్టుకోమన్నాను. బాగుంటుంది.

ఫిబ్రవరి 11, శనివారం

మొత్తం రాస్తాను.

మైదానంలో తాళ్ళు కట్టి చదరం చేశారు. ఒక పక్క ఎద్దులు, ఒక పక్క గొర్రె పొట్టేళ్ళు, మధ్యలో కుక్కలు. మా తరగతిలో ఏడు పిల్లలు. కలిగిరి నుంచి ఒకటి, మర్రిపాడు నుంచి రెండు, మిగతావి ఎక్కడివో. పట్టుకున్నవాళ్ళంతా మగవాళ్ళే. లక్ష్మి ఎర్ర అంచు చీరలో, కొంగు బిగించి, అయిదో చోట నిలబడింది. జనం ఏదో అన్నారు, నవ్వారు. ఆమె తల ఎత్తే ఉంచింది. నేను తాడు ఇవతల నిలబడి నా పక్కవాడికి చెప్పేశాను. "మా అమ్మాయి. ఆ అయిదో కుక్క మాది" అన్నాను. ఎదుటివాడికీ చెప్పాను. పొట్టేళ్ళ దగ్గరివాణ్ణి కూడా పిలిచి చెప్పాను. ఒట్టు తప్పాను. ఆగలేకపోయాను.

జడ్జీ ఆడమనిషి. తెల్లజుట్టు, నూలుచీర, కాళ్ళకు బూట్లు. వెంగయ్యకు చెప్పాలి. ఆమె ఒక్కొక్క పిల్ల దగ్గరా వంగి, మాట్లాడి, చూస్తోంది. మర్రిపాడు కుక్క ఆమె చెయ్యి పట్టబోయింది. దాన్ని పంపించేశారు. మా దగ్గరికి వచ్చింది. సివంగి నిలబడింది.

అంత జ్వరంలో నిలబడింది. లక్ష్మి నిలబడమంది కాబట్టి నిలబడింది. జడ్జీ దాని నోరు తెరిచి చూసింది, సివంగి ఊరుకుంది. వీపు మీద అరచెయ్యి పెట్టి, డాక్టరుగారిలాగే, కాసేపు ఊరికే ఉండిపోయింది. తర్వాత చెవులు తడిమింది. ఎడమ చెవి దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదేమిటమ్మా?"

"పురుగు కుట్టిందమ్మా. మా నాయన చెప్పినాడు."

"పురుగులాగా లేదు. పెదవులు కూడా పొక్కాయి. ఒళ్ళు వేడిగా ఉంది." ఆమె లేచి నిలబడి, మిగిలిన పిల్లలను చూసింది, మళ్ళీ సివంగిని చూసింది. "నీ కుక్క చాలా మంచి కుక్క. చివరికి మూడింటిని ఉంచుతాను, అందులో ఇదొకటి. ఇక పరుగు ఒకటే మిగిలింది, ఒక్క చుట్టు. కానీ దీనికి బాగాలేదు. పరిగెత్తిస్తావో, ఆసుపత్రికి తీసుకెళ్తావో నువ్వే చెప్పు. నేను బలవంతం చెయ్యను."

లక్ష్మి నా వైపు చూసింది. జనమంతా నా వైపు చూశారు, నేనే అందరికీ చెప్పుకున్నాను కదా.

నేను తాడు మీద నుంచి వంగి, వేలు ఎత్తి, "ఒక్క చుట్టు. ఒక్కటేనమ్మా" అన్నాను.

లక్ష్మి ముఖంలో ఏదో మారింది. కోపం కాదు. సివంగిని రెండు చేతుల్లోకి ఎత్తుకుంది. చదరం మధ్య నుంచి, అందరూ చూస్తుండగా, నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చి తాడు దాటింది.

"ఒక్క ఇల్లు, ఇంకొక్క ఇల్లే అన్నావు నాయనా ఆ పొద్దు," అంది. మెల్లగానే అంది. "కల్వర్టు మీద అన్న కూలబడిపోతే, 'ఎండ. గాలి తగిలితే సర్దుకుంటాది' అన్నావు. నేను నీళ్ళచెంబు పట్టుకొని పక్కనే ఉండాను. అన్నను తిప్పినట్టు దీన్ని తిప్పను."

"లక్ష్మీ, జనం..."

"అమ్మకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నావు. నాకు పధ్నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళు మోసినాను." పిల్లను భుజం మీదికి మార్చుకుంది. "ఆసుపత్రి ఎటు? నువ్వు నడువు ముందు."

నేను ముందు నడిచాను.

ఆ ఒట్టు సంగతి నేను మరిచిపోయాను. రాసేటప్పుడు అబద్ధం రాయకూడదు. మరిచిపోలేదు.

డాక్టరుగారు కబురు అంది మైదానం నుంచి పరుగున వచ్చారు. చెవి వెనక వెంట్రుకలు పక్కకు తీసి చూశారు. "జీడి. ఎవడు పెట్టాడు దీనికి?" నేను గోడ వైపు చూస్తున్నాను. ఆయన కొత్త అటెండరును తిట్టబోయారు, వాడికి ఏ పాపమూ తెలియదు.

"నేనేనయ్యా," అన్నాను.

"నువ్వా? జీడి పడిన గొడ్ల పుండ్లు ఎన్ని కడిగావు నువ్వు నా దగ్గర?"

"దిష్టి తగలకుండా పెట్టినానయ్యా."

ఆయన సబ్బునీళ్ళు తెప్పించారు. కడిగారు, మందు రాశారు, సూది వేశారు. రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నారు. లక్ష్మి నేల మీద కూర్చొని దాని తల ఒళ్ళో పెట్టుకుంది. నాకూ ఆమెకూ మధ్య ఒక బారెడు దూరం. ఆ దూరంలో కూర్చున్నాను.

మా తరగతిలో మొదటి బహుమతి కలిగిరి కుక్కకు వచ్చిందట. మైకులో వినిపించింది.

ఫిబ్రవరి 12

పాలు తాగలేదు. నీళ్ళు చెంచాతో.

లక్ష్మి అడగలేదు. నేనే చెప్పాను. ఆ రోజు పొద్దున నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఉదయగిరిలోనే, ఇంట్లోనే, బయలుదేరకముందే. కాలుతోంది. "నాయనా, తల బరువుగా ఉండాది, రేపు పోదాం" అన్నాడు వాడు. సీతమ్మ అనంతసాగరంలో వాళ్ళ అమ్మ దగ్గర ఉంది. నేను కబురు చేసేశాను, ఏడు ఇళ్ళలో ఎదురు చూస్తుంటారు. "ఇంత సంతోషంలో తలనొప్పేందిరా" అన్నాను. వాడు చొక్కా తొడుక్కున్నాడు. నా మాట ఎప్పుడూ కాదనలేదు. కల్వర్టు దగ్గరే తిరిగి వచ్చేసి ఉండాల్సింది. దుత్తలూరు ఇంకొక్క ఇల్లే అన్నాను. పిచ్చమ్మ గుమ్మంలో వాణ్ణి కింది నుంచి పైదాకా చూసింది ఎందుకంటే వాడు నిలబడలేక ద్వారబంధం పట్టుకున్నాడు. "ఎంత బాగుండాడురా నా అల్లుడు" అని, ఆ వెంటనే, "అన్నా, వీడి కళ్ళు ఎర్రగా ఉండాయే, పడుకోబెట్టు" అంది. ఆ రెండో మాట నేను ఇంటికి మోసుకుపోలేదు. మొదటి మాటే మోసుకుపోయాను. సీతమ్మ అడిగినప్పుడు ఆ మొదటి మాటే చెప్పాను.

లక్ష్మి వింటూ సివంగి చెవి పట్టుకొని ఉంది. చివరికి, "ఇదంతా నాకు తెల్సు నాయనా. నువ్వు చెప్తే వినాలని ఉండింది," అంది.

ఫిబ్రవరి 13

అట్లాగే ఉంది.

ఫిబ్రవరి 14, మంగళవారం

గంజి తాగింది. సివంగి గంజి తాగింది. పొద్దున ఎనిమిది గంటలకు, చిప్పెడు గంజి, మొత్తం, తర్వాత చిప్ప నాకింది, తర్వాత డాక్టరుగారు చెయ్యి చాపితే పెదవి ఎత్తింది. "ఇంక భయం లేదు, కొరకడానికి చూస్తోంది" అని ఆయన నవ్వారు. లక్ష్మి ఏడ్చింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను, ఊరికే. ఆమె ఆ చెయ్యి తీసెయ్యలేదు. చెవి వెనక మచ్చ ఉండిపోతుందట. వెంట్రుకలు రావట. ఇంక ఏ పోటీకీ ఎవరూ దీన్ని తీసుకోరు. మందకు పోతుంది, దాని పని అది చేసుకుంటుంది. నా కూతురు దీన్ని బతికించింది. ఆ చదరంలో నుంచి ఎత్తుకొని వచ్చి బతికించింది. రెండు వేలమంది చూస్తుండగా.

ఈ సంతోషం చెప్పాలి. ఇది ఒక్కటే చెబితే సగం చెప్పినట్టు. తొమ్మిదేళ్ళ కిందటిది కూడా చెప్పాలి. ఎవరి చూపూ తగల్లేదని, వాడు ఇంట్లో బయలుదేరేటప్పుడే జ్వరంతో ఉన్నాడని, నేను తిప్పానని. ఆ రోజు ఏ ఇంటికి ముందు పోయామో ఆ వరసలోనే, ఒక్కొక్కరికీ. సాయంత్రం బస్సుకు బయలుదేరుతున్నాం. చెప్పవలసినవాళ్ళు:

గురుస్వామి, మా బామ్మర్ది. ఆ రోజు వాడికి పెన్ను ఇచ్చాడు.

హనుమాయమ్మ చిన్నమ్మ. చెవులు వినపడవు, గట్టిగా చెప్పాలి.

సుబ్బరత్నమ్మ వదిన.

కామయ్య పెదనాయన. ఆయన పోయాడు. కొడుక్కి చెప్పాలి.

పోలేరమ్మ, పెద్దమ్మ కూతురు. కూర్చోమంది, నేనే కూర్చోనివ్వలేదు.

వరలక్ష్మమ్మ అత్త.

పిచ్చమ్మ. కబురు చాలదు. నేనే దుత్తలూరు వెళ్ళాలి, ఆ గుమ్మంలో నిలబడి చెప్పాలి. లక్ష్మి వస్తానంది, సివంగిని తీసుకొని.

వీళ్ళందరికంటే ముందు, బస్సు దిగగానే, కాళ్ళు కడుక్కోకముందే, సీతమ్మకు.